పైకి పోయే గ్యాసు

పడవల షెడ్డులో ఆమెను పేరు పెట్టి పిలిచి చాలా కాలమైంది. అందరికీ ఆమె గ్యాసక్క. ఎదురుగా ఉన్నప్పుడు "అక్కా" అంటారు, అటు తిరగగానే ముందు గ్యాసు తగిలిస్తారు. ఆ పేరు పెట్టింది ఎవరో కాదు, సొంత తమ్ముడే. వాడి నోటికి అడ్డూ అదుపూ లేదు. "మా అక్క నీళ్ళను చీల్చి గ్యాసు తీస్తారంటుంది, ఆ గ్యాసుతో నీళ్ళ మీద పడవ నడుపుతుందట, చివరికి గొట్టంలోంచి మళ్ళీ నీళ్ళే వస్తాయట. ఎక్కడి నీళ్ళు అక్కడే, మధ్యలో జీతం మాత్రం అక్కకి" అని రేవులో అందరినీ నవ్వించేవాడు. నవ్విస్తూ నవ్విస్తూ తను దగ్గేవాడు.

ఆ దగ్గు కోసమే ఆమె హైడ్రోజన్ జోలికి వెళ్ళింది. తమ్ముడు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు జనాన్ని దాటించే పడవను నడిపే సరంగు. పడవ వెనక బిగించిన పెట్రోలు మోటారు పక్కనే వాడి పీట. పెట్రోలులో నూనె కలిపి పోస్తే తప్ప తిరగని పాతకాలపు మోటారు అది. తిరిగినంతసేపూ నీలం పొగ కక్కుతుంది. గాలి ఎటు వీచినా ఆ పొగ ముందుగా పలకరించేది సరంగునే. జనం కాసేపు ముక్కు మూసుకుని ఆ ఒడ్డున దిగిపోతారు. వాడు దిగడు. మీసాలు సరిగ్గా రాకముందు ఆ పీట ఎక్కాడు, ఇప్పుడు వాడి కూతురు బడికి వెళుతోంది. డాక్టరు ఎక్స్‌రే చూసి, "పొగ మానాలి" అన్నాడు. "నేను సిగరెట్టు ముట్టనండీ" అన్నాడు వీడు. "మీరు ముట్టకపోతేనేం, మీ మోటారు మీ చేత తాగిస్తోందిగా" అన్నాడు డాక్టరు.

అక్క వాడికి ఒడ్డున ఉద్యోగం చూసింది. గోడౌనులో కాపలా. ఒడ్డున పడ్డ చేప అనే మాట అందరూ వాడతారు గానీ, అదెలా ఉంటుందో ఆమె ఆ రోజుల్లో ఇంట్లోనే చూసింది. అన్నం కెలికి వదిలేసేవాడు, పెళ్ళాం మీద ఊరికే విసుక్కునేవాడు, ఇంట్లో కూర్చుని గాలి ఎటు వీస్తోందో కిటికీలోంచి చూసుకునేవాడు. చివరికి ఎవరికీ చెప్పకుండా మళ్ళీ పడవెక్కాడు. వాడు పడవను వదలడు, సరే. అయితే పొగే పడవను వదలాలి. ఆమె లెక్క అంతే.

ఆమె మోటార్ల ఇంజనీరు. పడవల కంపెనీలోనే పని. హైడ్రోజన్ అన్నప్పుడల్లా షెడ్డులో ఒకటే వేళాకోళం: బుడగల్లో నింపే గ్యాసుతో పడవేమిటి, గాల్లోకి లేస్తుందా అని. ఆమె ఎవరికీ కొండ మీది కోతిని తెచ్చిస్తానని చెప్పలేదు. చిన్న చేపల పడవకు ఇది పనికిరాదంది, ఎందుకంటే ఆ గ్యాసు బరువు దూదిపింజంతే గానీ చోటు మాత్రం ఇంటెడు కావాలి. సిలిండర్లు పెడితే వల పెట్టుకునే జాగా ఉండదు. దూరం పోయే పడవకు పనికిరాదంది, దారిలో అయిపోతే పోసేవాడు లేడు. బ్యాటరీలు పెట్టొచ్చుగా అని అడిగినవాళ్ళకు, పొద్దుట్నుంచి పొద్దుగూకేదాకా ఆగకుండా తిరిగే పడవను ఛార్జింగుకు కట్టేసి కూర్చోవడానికి తీరిక ఎవరికుందని అడిగింది. "కానీ మన దాటింపు పడవ వేరు. ఏ రేవులో బయల్దేరుతుందో ఆ రేవుకే తిరిగొస్తుంది. ఒక్కచోట నింపుకుంటే చాలు. గ్యాసు ఒక పెట్టెలోకి పోతుంది, పెట్టె కరెంటు ఇస్తుంది, కరెంటు మోటారు తిప్పుతుంది. పొగ లేదు, రొద లేదు. దీనికి మాత్రం కుదురుతుంది" అంది. అక్కడ కుదరదు, ఇక్కడ కుదురుతుంది అని ముక్కుసూటిగా చెప్పే మనిషి మాట ఎవరికీ రుచించదు. మొత్తం కుదురుతుందనే వాడికి చప్పట్లు, మొత్తం కుదరదనే వాడికి పెద్దరికం.

కంపెనీ చైర్మన్ గారు మొదట్లో పెద్దరికం వైపే ఉన్నారు. ఆమె కాగితాలు తిరగేసి, "నీళ్ళలో డబ్బు పోయడమంటే ఇదేనమ్మా" అని పక్కన పడేశారు. తర్వాత ఏదో సభలో పొగ లేని పడవల గురించి ఎవరో గొప్పగా మాట్లాడితే విని వచ్చి, రాత్రికి రాత్రి హైడ్రోజన్ భక్తులైపోయారు. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి. ఆమెకు దానితో పేచీ లేదు; గొడుగు ఎవరిదైతేనేం, తమ్ముడి నెత్తి మీద నీడ పడితే చాలు.

పడవ తయారైంది. వాన పడినా జనం తడవకుండా కప్పు, వెనక సిలిండర్ల అలమర, దాని పక్కన కరెంటు పెట్టె. కప్పు నడినెత్తిన ఈ చివర నుంచి ఆ చివర దాకా జానెడు సందు వదిలించింది. హైడ్రోజన్ అన్నిటికన్నా తేలికైన గ్యాసు, ఎక్కడ ఏ బిగింపులో కాస్త కారినా నిట్టనిలువునా పైకి పోతుంది; సందు ఉంటే ఆకాశంలో కలిసిపోతుంది, ఎవరికీ ఏ బాధా లేదు. సందు పక్కనే, కప్పు కింద, గ్యాసు పసిగట్టి అరిచే చిన్న పెట్టె ఒకటి బొమ్మలో గీసింది; అది బిగించడం ఒక్కటే మిగిలింది. తమ్ముడు పడవను మూడు వారాలు ఖాళీగా నడిపి చూశాడు. ఆ మూడు వారాల్లో వాడి దగ్గు ఎంత తగ్గిందో వాడి పెళ్ళాం చెప్పిందే గానీ వాడు చెప్పలేదు. వాడు చెప్పింది ఒకటే. "అక్కా, నీళ్ళ చప్పుడు వినపడుతోందే. ఇన్నేళ్ళూ నేను నీళ్ళ మీదే తిరిగానా అనిపిస్తోంది."

ప్రారంభోత్సవానికి ముందు వారం చైర్మన్ గారు ఆమెను పిలిచి, గ్యాసు పోసే లారీ సంగతి తేల్చుకురమ్మని ఫ్యాక్టరీ ఉన్న ఊరికి పంపారు. వెళ్ళింది. లారీవాళ్ళతో మాట్లాడి, ప్రారంభోత్సవం రోజు పొద్దున బస్సు దిగి తిన్నగా రేవుకే వచ్చింది. చేతిలో సంచీ, సంచీలో ఆమె ఎప్పుడూ మోసుకు తిరిగే, గ్యాసు తగిలితే అరిచే చేతి మీటరు. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు ఎక్కడికి వెళ్ళినా ఆ మీటరేమిటని తమ్ముడు వెక్కిరించేవాడు.

రేవు అంతా కడిగి ముగ్గేసినంత శుభ్రంగా ఉంది. కుర్చీలు, మైకు, కెమెరాలవాళ్ళు. పడవ చూస్తే కళ్ళు చెదిరాయి. ఆమె వదిలించిన సందు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా అద్దం పరిచారు. అద్దం అంచుల్లో రబ్బరు కుక్కి, నీటి చుక్క కాదు కదా చీమ కూడా దూరకుండా బిగించారు. పక్క కిటికీలకూ అద్దాలే. అద్దం కింద కప్పు పొడుగునా చిన్న చిన్న దీపాల తోరణం. లోపల మెత్తటి కుర్చీలు. పడవ కాదు, నగల కొట్టు.

తలుపు తీసుకుని లోపలికి వెళ్ళి ఆమె ముందుగా తలెత్తి చూసింది. అరిచే పెట్టె ఉండవలసిన చోట దానికోసం కొట్టించిన రెండు మేకు బెజ్జాలు ఉన్నాయి, పెట్టె లేదు.

షెడ్డు మేస్త్రి అక్కడే కుర్చీలు తుడిపిస్తున్నాడు. ఆమె చిన్నప్పుడు మొదటి మరబిగింపు నేర్పింది ఆయనే. ఇంట్లో వాళ్ళకన్నా ఆయన దగ్గరే ఆమెకు చనువు.

"బాబాయ్, పైన పెట్టమన్న పెట్టె ఏది?"

"ఉందిగా" అన్నాడు మేస్త్రి. కాలితో నేల పలక ఒకటి పక్కకు జరిపాడు. పడవ అడుగున, నీళ్ళు ఊరే చోట, అరిచే పెట్టె బుద్ధిగా నోరు మూసుకుని కూర్చుని ఉంది.

"కింద ఎందుకు పెట్టావు?"

"గ్యాసు చేరేది కిందేగా అమ్మాయ్. బొమ్మలో నువ్వు నెత్తిన గీశావు. కాగితం తలకిందులు పట్టుకుని గీసింది పిల్ల, ఏదో హడావుడి అనుకున్నా. నలుగురి ముందు అడిగితే నీకు నామర్దా అని నేనే సరిచేశా."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది, కానీ ఆ మంట ఎవరి మీదికి తిప్పాలో తెలియలేదు. ఎందుకంటే బాబాయ్ చెప్పింది పెట్రోలుకు అక్షరాలా నిజం. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, పాములా పాక్కుంటూ పడవ అడుగుకు చేరుతుంది. అందుకే ఆ షెడ్డులో ఒక అలవాటు ఉంది. ఏ సరంగైనా మోటారు తాడు లాగేముందు నేల పలక ఎత్తి, ఒంగి, అడుగున ముక్కు పెట్టి వాసన చూడాలి. వాసన ఉంటే ఆగాలి, లేకపోతే లాగాలి. "ముక్కు పెట్టావా?" అనేది అక్కడ భోంచేశావా అన్నంత మామూలు మాట. ముక్కు పెట్టకుండా తాడు లాగినవాడి పడవలో బాబాయ్ ఒకసారి ఉన్నాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా ఆ గుర్తు ఇప్పటికీ ఉంది. అలాంటి మనిషి నెత్తిన గీసిన పెట్టెను అడుగున బిగించాడంటే అది నిర్లక్ష్యం కాదు, జాగ్రత్త. ఆయన ఆమెను అడగాలనుకుంటే అడగడానికి ఆమె ఊళ్ళో లేదు. లేకుండా చేసినవారు వేరే ఉన్నారు.

"ఈ అద్దం ఎవరు పెట్టించారు?"

"ఇంకెవరు, సారే. సందులోంచి గాలి కొట్టి పెద్దవాళ్ళ జుట్టు చెదురుతుందట. అక్క వచ్చాక అడుగుదాం సార్ అన్నా. జుట్టుకి ఇంజనీరెందుకయ్యా అన్నారు."

తమ్ముడు ముందువైపు నుంచి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, మొహమంతా నవ్వు.

"వచ్చావా అక్కా. నువ్వు రావేమోనని హడలి చచ్చా. అంతా రెడీ. బాబాయ్ నిన్న సాయంత్రమే గ్యాసు వాల్వు తెరిచేశాడు. ఇందాకే ముక్కు పెట్టి చూశా, శుభ్రంగా ఉంది."

"దానికి వాసన ఉండదురా."

"ఉండకపోతే మంచిదేగా."

"వాసన లేదు, రంగు లేదు. కింద ఉండదు, పైన ఉంటుంది. నిన్నటి నుంచి వాల్వు తీసుంటే..." ఆమె సంచీలోంచి మీటరు తీసి, కుర్చీ మీదికి ఎక్కి, చేయి పైకెత్తి అద్దం కిందికి ఆనించింది.

మీటరు అరిచింది. ఆ పడవలో అంత చిన్న వస్తువు అంత గొంతుతో అరుస్తుందని ఎవరూ అనుకోలేదు. తమ్ముడి మొహంలో నవ్వు అలాగే ఉండిపోయి, కళ్ళు మాత్రం పైకి తిరిగాయి. మేస్త్రి తన మోచేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే చైర్మన్ గారు అతిథులను వెంటబెట్టుకుని తలుపు దగ్గరికి వచ్చారు. తలుపు పక్కనే స్విచ్చు. ఆ స్విచ్చు నొక్కి దీపాల తోరణం వెలిగించడమే ప్రారంభోత్సవం. అద్దం కింద గ్యాసు, గ్యాసు మధ్యలో దీపాలు, దీపాలకు స్విచ్చు, స్విచ్చు దగ్గర చైర్మన్ గారి వేలు. పగవాడు కూర్చుని పథకం వేసినా ఇంత చక్కగా అమర్చలేడు.

"ఏమ్మా, ఆ గోల ఏమిటి? ఆపు ముందు" అన్నారు ఆయన, మొహం మీది నవ్వు చెక్కుచెదరకుండా, కెమెరాల వైపు చూస్తూ.

ఆమె కుర్చీ దిగి వచ్చి స్విచ్చు మీద అరచేయి కప్పింది.

"ఇది నొక్కకండి సార్. కప్పు కింద గ్యాసు చేరింది. ఎవరూ లోపలికి రాకండి. ఉన్నవాళ్ళు దిగండి. బాబాయ్, వాల్వు కట్టెయ్. తమ్ముడూ, తలుపులన్నీ తియ్యి, ఏ మీటా ముట్టుకోకు."

చైర్మన్ గారి వేలు ఇంకా గాల్లోనే ఉంది. "చెయ్యి తియ్యమ్మా. నలుగురూ చూస్తున్నారు."

"చూస్తున్నారనే తీయట్లేదు సార్."

వెనక అతిథుల్లో ఎవరో, "పేలుతుందా?" అన్నారు. ఆ మాట ఆమె అనలేదు. కానీ రేవు మీద ఆ ఒక్క మాట మైకు లేకుండానే చివరి కుర్చీ దాకా పాకింది, క్షణంలో కుర్చీలు ఖాళీ అయ్యాయి. కెమెరాలవాళ్ళు మాత్రం దగ్గరికి వచ్చారు.

అందరూ దిగాక ఆమె ఒడ్డున నిలబడి, ఊపిరి కూడదీసుకుని, మామూలు గొంతుతోనే చెప్పింది. పడవలో ఏ లోపమూ లేదు. ఎక్కడో ఒక బిగింపు కాస్త కారుతోంది, మోటార్లన్నాక అది మామూలే, బిగిస్తే ఆగిపోతుంది. సందు ఉండి ఉంటే ఆ కారింది కారినట్టే బయటికి పోయేది. అద్దం తీసేస్తే ఇప్పుడైనా పోతుంది. పెట్టెను పైకి మార్చాలి, బిగింపు చూడాలి, మీటరుతో ఒకసారి సరిచూసుకోవాలి. "భోజనాల వేళకు పడవ నడుస్తుంది సార్. నేనే మొదట ఎక్కుతాను. బాబాయ్, సుత్తి తీసుకురా. ఇనుపది వద్దు, నిప్పురవ్వ లేస్తుంది. చెక్కది."

"ఆ అద్దం మీద చెయ్యి వేశావంటే బాగుండదు" అన్నారు చైర్మన్ గారు. ఆయన మొహంలో నవ్వు అప్పటికి పోయింది. "అది ఎక్కణ్ణుంచి తెప్పించానో తెలుసా నీకు? ఇంతమంది ముందు నా పడవ నేనే పగలగొట్టుకోవాలా?"

"పడవ కాదు సార్, అద్దం."

"పేలుతుందని నువ్వే చెప్పాక ఇంకెవరు ఎక్కుతారమ్మా దాన్ని?"

"పెట్రోలు పేలదా సార్? బాబాయ్ చెయ్యి చూడండి. పెట్రోలు పడవ తగలబడితే పెట్రోలు పనికిరాదని ఎవరన్నా అన్నారా? అడుగున ముక్కు పెట్టడం నేర్చుకున్నాం, బతుకుతున్నాం. దీనికి పైన ముక్కు పెట్టడం నేర్చుకోవాలి. అంతకు మించి ఏం లేదు."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఆయన అప్పటికే మైకు వైపు నడుస్తున్నారు. మైకు పట్టుకోగానే ఆయన గొంతులో దిగులు, హుందాతనం రెండూ ఒకేసారి వచ్చాయి. ప్రజల ప్రాణాల కన్నా తమకు ఏదీ ఎక్కువ కాదని, హైడ్రోజన్ పడవలకు ఇంకా పనికిరాదని తమ ఇంజనీర్లే ఈ రోజు తేల్చారని, అందుచేత బరువెక్కిన గుండెతో ఈ ప్రయత్నాన్ని విరమిస్తున్నామని చెప్పారు. ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు. వాడు నయం, మద్దెలకు వాడు స్వయంగా చిల్లు పొడవలేదు. ఈయన ఉండవలసిన చిల్లు పూడ్చి, దారి లేక గ్యాసు లోపలే ఉండిపోతే, తప్పు గ్యాసుదన్నారు. పైగా తేల్చింది ఇంజనీర్లట.

జనం చప్పట్లు కొట్టారు. ప్రాణాల మాట ఎత్తితే ఎవరైనా కొడతారు.

భోజనాలు ఆ ఒడ్డున ఏర్పాటు చేశారు. కొత్త పడవలో దర్జాగా దాటవలసిన అతిథులను ఇప్పుడు దాటించాలి. "పాత పడవ తీయించండి" అన్నారు చైర్మన్ గారు, ఎవరి వంకా చూడకుండా. పాత పడవకు సరంగు ఎవరు? తమ్ముడే. ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడుచుకుని పీట మీద కూర్చున్నాడు. నేల పలక ఎత్తి, ఒంగి, అడుగున ముక్కు పెట్టాడు. లేచి అక్క వైపు చూశాడు.

"నువ్వు ఆపకపోతే ఇవాళే పోయేవాణ్ణి అక్కా" అన్నాడు మెల్లగా. "ఆపావు కాబట్టి ఇంకొంచెం నిదానంగా పోతా."

వాడు హాస్యానికే అన్నాడు. వాడు ఏదన్నా హాస్యానికే అంటాడు. ఆమె మాత్రం వెళ్ళిపోదామనుకుని ఎత్తిన అడుగు వెనక్కి పెట్టి, పడవెక్కి, వాడి పక్కనే కూర్చుంది. మేస్త్రి ఒడ్డునే ఉండిపోయాడు.

తాడు లాగాడు. మోటారు ఒళ్ళు విరుచుకుని నీలం పొగ కక్కింది. గాలి వెనక నుంచి వీస్తోంది. పొగ ముందు వాణ్ణి చుట్టుకుని, తర్వాత అతిథుల మీదికి పోయింది. ముందు వరసలో చైర్మన్ గారు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. పక్కన కూర్చున్న అతిథుల్లో ఒక పెద్దావిడ, "ఎప్పుడూ ఇలాగే ఉంటుందా అండీ ఈ పొగ?" అని అడిగింది.

"పాత మోటార్లంటే అంతేనండి. అలవాటైపోతుంది" అన్నారు ఆయన, రుమాలు లోంచి.

ఆ మాట గాలికి ఎదురొచ్చి కూడా వెనక పీట దాకా చేరింది. అలవాటైపోతుందట. అలవాటు పడ్డవాణ్ణి ఒక్కసారి తల తిప్పి చూస్తే తెలిసేది. తమ్ముడు మూడు వారాలు శుభ్రమైన గాలి పీల్చినవాడు. అలవాటు తప్పిన ఛాతీ ఈ పొగకు ఒక్కసారిగా తిరగబడింది. దగ్గు మొదలై ఆగలేదు. ఒక చేత్తో మోటారు పిడి, ఇంకో చేత్తో ఛాతీ పట్టుకుని కాసేపు నెట్టుకొచ్చాడు. నడిమధ్యకు వచ్చేసరికి మోటారు ఆపేశాడు. పడవ ఊరికే నీళ్ళ మీద ఊగింది. అంత వెడల్పు నీళ్ళ మీద వాడి దగ్గు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఆమె వాడి వీపు మీద చెయ్యి వేసి పట్టుకుంది. లోపల ఏదో గీరుకుంటున్నట్టు ఆమె చేతికి తెలుస్తోంది.

చైర్మన్ గారు వెనక్కి తిరిగారు. చిరాగ్గా చూశారు.

"ఇంత దగ్గున్నవాణ్ణి జనం ఎక్కే పడవ మీద ఎవరయ్యా పెట్టింది?"

ఆమె లేచి నిలబడింది. పడవ ఊగింది, ఎవరో అంచు పట్టుకున్నారు.

"మీరే సార్. పొద్దున వీడు పొగ లేని పడవలో ఉన్నాడు. మీరే దింపి దీని మీద కూర్చోబెట్టారు. వీడి దగ్గు మీకు ఇవాళే వినపడింది, ఎందుకంటే ఇవాళే మీరు దీన్లో ఎక్కారు. ఒక్క దాటింపుకే రుమాలు తీశారు. వీడు రోజుకి ఎన్ని దాటింపులు వేస్తాడో ఎప్పుడన్నా అడిగారా? జుట్టు చెదురుతుందని కప్పు మూయించారు కదా, వీడి ఊపిరితిత్తులకు ఏం మూయిస్తారు?"

పెద్దావిడ చైర్మన్ గారి వైపు చూసింది. ఆయన ఆవిడ వైపు చూడలేదు.

"మర్యాదగా మాట్లాడు. రేపట్నుంచి ఈ పడవకు వేరే సరంగును పెట్టిస్తాను."

తమ్ముడు తలెత్తాడు. దగ్గి దగ్గి వాడి కళ్ళు ఎర్రబడ్డాయి, గొంతు సగమే వచ్చింది.

"పెట్టండి సార్. ఎవరొచ్చినా కూర్చునేది ఈ పీట మీదే."

పడవ మెల్లగా తిరుగుతోంది. అప్పుడు వెనక రేవు వైపు నుంచి ఒక చప్పుడు నీళ్ళ మీదుగా వచ్చింది. అద్దం పగిలిన చప్పుడు. అందరూ తిరిగి చూశారు. కొత్త పడవ కప్పు మీద మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. చెక్క సుత్తి ఎత్తాడు, దించాడు. ఇంకో పలక పగిలింది. ఆయన ఎవరి వైపూ చూడడం లేదు, పని చేసుకుపోతున్నాడు.

"ఏమిటది? ఎవడు వాడు? ఎవరు చెప్పారు వాడికి?" చైర్మన్ గారు లేవబోయి, పడవ ఒరిగితే మళ్ళీ కూర్చున్నారు.

"ఎవరూ చెప్పలేదు సార్" అంది ఆమె.

పెద్దావిడ ఆమె వైపు తిరిగింది. "ఇందాక భోజనాల వేళకు నడుస్తుందన్నావు కదమ్మా. ఇంకా కుదురుతుందా?"

"బిగింపు చూసి, మీటరు పెట్టి, అది అరవకపోతే కుదురుతుందండి. అరిస్తే మాత్రం నేనే ఎక్కనివ్వను."

"అయితే ఆ పడవ కోసమే నేను ఆగుతాను" అందావిడ.

తమ్ముడు మోటారు తాడు ముట్టుకోలేదు. పీట కింది తెడ్డు తీసి, నీళ్ళలో ముంచి, పడవ ముందుభాగాన్ని బయల్దేరిన రేవు వైపు తిప్పాడు. చైర్మన్ గారు ఆ ఒడ్డుకే పోనివ్వమని రెండుసార్లు చెప్పారు. అక్క రెండో తెడ్డు అందుకుంది.